మామ చేన్ల పరిచిన కేబుళ్లు ఏం విన్నయి? బొగ్గుపొరల గ్యాస్, సీస్మిక్ సర్వే సంగతి

పోయిన ఎండకాలం ఒకనాడు పొద్దుపొద్దున్నే మా మేనమామ ఫోన్ చేసిండు. మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా రాజురా అవతల ఆయనకు ఏడెకరాల చేను ఉంది, పత్తికట్టె పీకించి ఖాళీగ పెట్టిండు, అదే సందుల సర్వేవాళ్లు వచ్చి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సీదాగ కేబుల్ పరిచి కొన్ని అడుగులకొకటి చిన్న చిన్న డబ్బాలు భూమిల గుచ్చిన్రట, తర్వాత ఒక పెద్ద బండి వచ్చి కింద ఉన్న ఇనుప పలకను నేలకు ఆనిచ్చి గుర్రుమని వణికించిందట, ఇంట్ల గిన్నెలు కదిలినయని అత్తమ్మ అన్నది. వాళ్లు పోయిన తెల్లారే ఊర్ల ఒక మాట లేచింది, ఫలానా సర్వే నంబర్ల గ్యాస్ పడ్డదట, ఎకరానికి ఇంతిస్తరట అని. మామ నన్ను ఒక్కటే అడిగిండు, "అల్లుడా, నువ్వు ఆ సర్వే పార్టీలల్ల తిరిగినోనివి గదా, ఆ పెట్టెల గ్యాస్ కనపడ్డదంటవా?"

నేను జియాలజీ చదివి మూడేండ్లు సీస్మిక్ సర్వే, అంటే నేలను వణికించి ప్రతిధ్వని వినే సర్వే చేసే పార్టీలల్ల పనిచేసిన, ఇక్కడ కాదు, వేరే రాష్ట్రాలల్ల. "కనపడదు మామా, ఆ పెట్టెలకు గ్యాస్‌ను చూసే కన్ను లేదు" అని ఫోన్ల చెప్పిన, కానీ ఆ జవాబు నాకే చాలలేదు. కనపడకపోతే మరి కోట్లు పెట్టి ఎందుకు చేస్తరు అని ఆయన అడిగితే ఏం చెప్పాలె? చంద్రపూర్, బల్లార్షా, ఘుగ్గుస్, వణి దిక్కు ఉన్న మన తెలుగోళ్ల ఇండ్లల్ల బొగ్గుబాయికి పోని ఇల్లు తక్కువ, రాజురా అయితే 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె, తాతలు కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో బొగ్గు కోసమే వచ్చిన్రు, అయినా ఆ బొగ్గుల ఉండే గ్యాస్ సంగతి మన భాషల సక్కగ చెప్పినోళ్లు నాకు కనపడలే. అందుకే కూసొని రాస్తున్న, కొంచెం పొడుగైతది.

ముందు గ్యాస్ బొగ్గుల ఎట్ల ఉంటదో తెల్వాలె, సగం గందరగోళం అక్కడనే ఉంది. మా బాపు బల్లార్షా దిక్కు అండర్‌గ్రౌండ్ బాయిల మైనింగ్ సర్దార్‌గ, అంటే షిఫ్టుల భద్రత చూసే మేస్త్రీగ చేసి రిటైర్ అయిండు. (మా దిక్కు బొగ్గుగనినీ బాయే అంటరు, నీళ్లదాన్నీ బాయే అంటరు, ఈ రెండు బాయిల కథ చివరికి ఒక్కకాడికే వస్తది, చెప్త.) బాపు చేతిల సేఫ్టీ ల్యాంప్ ఉండేది. వత్తి తగ్గించి దీపాన్ని మెల్లగ రూఫ్ దాకా ఎత్తితే, గ్యాస్ ఉన్నకాడ మంట మీద లేత నీలం టోపీ లేస్తది, ఆ టోపీ ఎంత ఎత్తుందో చూసి ఎంత శాతమో చెప్పేది. రూఫ్ దాకా ఎందుకంటే మిథేన్ గాలి కంటే తేలిక, పైకి పోయి చేరుతది. గాలిల 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగులుడే ఆలస్యం, పేలుతది, అందుకే 1.25 శాతం దాటిందంటేనే కరెంటు తీసేయాలె అని రూలు. ఒక టన్ను బొగ్గు తవ్వితే ఎంత గ్యాస్ బయటికొస్తదో చూసి గనుల సీమ్‌లను, అంటే బొగ్గుపొరలను మూడు డిగ్రీలు చేసిన్రు, టన్నుకు ఒక ఘనపు మీటర్ దాటకుండ, గాలిల 0.1 శాతం మించకుండ ఉంటే మొదటి డిగ్రీ, 10 ఘనపు మీటర్లు దాటితే మూడో డిగ్రీ. బాపు దిగిన బాయిలన్నీ మొదటి డిగ్రీవే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండ్రి, ముందు ముందు పనికొస్తది.

మామూలు గ్యాస్ బావులల్ల, అంటే కృష్ణా గోదావరి దిక్కు ఉన్నట్టివాటిల, గ్యాస్ ఇసుకరాయి రంధ్రాలల్ల విడిగ ఉంటది, పైన గట్టి మట్టిరాయి మూతలెక్క కూసుంటది, బోరు వేస్తే ఒత్తిడితోటి పైకొస్తది. బొగ్గుల అట్ల కాదు. బొగ్గుల కంటికి కనపడని సన్న రంధ్రాలు లెక్కలేనన్ని, ఒక్క గ్రాము బొగ్గు లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే వంద చదరపు మీటర్లు దాటుతదని లెక్క, ఆ గోడలకు మిథేన్ అంటుకొని ఉంటది. ఇంగువ కట్టిన గుడ్డ చూడండ్రి, ఇంగువ తీసేసి ఎన్నిరోజులైనా వాసన పోగుకు పట్టుకొనే ఉంటది గదా, అట్ల. ఆ పట్టు వదలకుండ పైనుంచి అదిమి పెట్టేది నీళ్ల ఒత్తిడి. బొగ్గుల సన్నటి పగుళ్లు ఉంటయి, క్లీట్ అంటరు, ఒకటి పొడుగు దిక్కు, ఇంకొకటి దానికి అడ్డం, ఆ పగుళ్ల నిండా నీళ్లు. ఆ నీళ్లు తోడితే ఒత్తిడి తగ్గుతది, ఒత్తిడి తగ్గితే గ్యాస్ గోడను వదిలి పగుళ్లలకు వస్తది, పగుళ్ల దారిపట్టి బోరుకు చేరుతది. అందుకే బొగ్గు గ్యాస్ బోరుల మొదలు నెలల తరబడి నీళ్లే వస్తయి, గ్యాస్ మెల్లమెల్లగ పెరుగుతది.

దీన్నే కోల్‌బెడ్ మిథేన్ అంటరు, పొట్టిగ సీబీఎం. అమెరికాల అలబామా దిక్కు 1970లల్ల గనుల్ల పేలుళ్లు తగ్గించనీకి తవ్వకముందే గ్యాస్ గుంజుడు మొదలుపెట్టిన్రు, అదే తర్వాత వ్యాపారమైంది. అంటే బాపు దీపం పట్టుకొని భయపడ్డ గ్యాస్, పైపుల పెడితే సరుకు.

ఇప్పుడు కేబుల్ సంగతి. బాపు బాయిల ఇంకొక పని చేసేటోడు, పొద్దుగాల దిగంగనే చేతిల కట్టెతోటి రూఫ్‌ను కొట్టి వినేది. గట్టిగ ఉంటే ఠంగుమంటది, లోపల పొర విడిపోయి ఉంటే డబ్బుమని డొల్ల శబ్దం వస్తది, ఆ డొల్ల శబ్దం వస్తే ఆడ ఎవ్వరినీ నిలబడనియ్యడు. సీస్మిక్ సర్వే అంటే అచ్చం అదే పని, కట్టెకు బదులు బండి, చెవికి బదులు జియోఫోన్. జియోఫోన్ లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టు స్ప్రింగుకు వేలాడే తీగ చుట్ట, నేల కదిలితే అయస్కాంతం దానితోపాటు కదులుతది, చుట్ట వెనకబడుతది, ఆ తేడాకు చిన్న కరెంటు పుడుతది, అదే రికార్డు అయితది. బండిని వైబ్రోసైస్ అంటరు, కొన్ని సెకండ్లపాటు తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్కువ ఫ్రీక్వెన్సీ దాకా నేలను వణికిస్తది, ఫ్రీక్వెన్సీ అంటే సెకండుకు ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క, దాన్ని హెర్ట్జ్‌లల్ల చెప్తరు. బండి పోలేని కాడ బోరు గుంత తీసి చిన్న డైనమైట్ పేలుస్తరు.

ఆ వణుకు భూమిలకు దిగి, ఒక రాయి నుంచి ఇంకో రాయికి మారేకాడ కొంత వెనకకు తిరిగొస్తది. పోయి వచ్చిన టైము కొలుస్తరు. నాలుగు వందల మీటర్ల లోతుల బొగ్గు ఉంది, మధ్యలున్న రాళ్లల్ల వేగం సగటున సెకండుకు 2,800 మీటర్లు అనుకోండ్రి, పోను రాను 800 మీటర్లు, 0.29 సెకండ్ల ప్రతిధ్వని వస్తది. కన్ను మూసి తెరిచేలోపల అయిపోయే పని. ఒక్కసారి వింటే ఏం అర్థం కాదు, ఎందుకంటే మన దిక్కు భూమి ఎప్పుడు ఊకెనే ఉండదు, బొగ్గు టిప్పర్లు, బల్లార్షా జంక్షన్ రైళ్లు, ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగ్, ఇవన్నీ జియోఫోన్‌కు వినపడుతయి. అందుకే అదే చోటును వేర్వేరు దూరాల నుంచి పదే పదే విని అన్నిటినీ కూడుతరు. 48 సార్లు కూడితే అసలు శబ్దం గోల కంటే దాదాపు ఏడింతలు మెరుగైతది, అది 48కి వర్గమూలం. మా పార్టీల లైను పక్కన ఎడ్లబండి పోయినా అరిచి ఆపుతుండిరి, అప్పుడు నాకు విసుగు ఉండె, ఆఫీసుల ఆ రికార్డు చూసినంక తెలిసింది ఎందుకు ఆపుతరో.

బొగ్గు ఎందుకు ఇంత బాగ దొరుకుతది సీస్మిక్‌ల? రాయి బరువును అందుల శబ్దం నడిచే వేగంతోటి గుణిస్తే ఒక అంకె వస్తది, దాన్ని ఇంపీడెన్స్ అంటరు, రెండు రాళ్ల ఇంపీడెన్స్‌ల ఎంత తేడా ఉంటే ప్రతిధ్వని అంత గట్టిగ వస్తది. ఇసుకరాయి నీళ్ల కంటే 2.4 రెట్లు బరువు, వేగం 3,500 అనుకోండ్రి, గుణిస్తే 8,400. బొగ్గు తేలిక, 1.35, వేగం 2,300, గుణిస్తే 3,105. ఈ రెండిటి తేడాను మొత్తంతోటి భాగిస్తే దాదాపు 0.46 వస్తది, గుర్తు మైనస్, ఎందుకంటే గట్టి రాయి నుంచి మెత్తటి రాయిలకు పోతున్నది. అంటే అల ఎత్తుల దగ్గర దగ్గర సగం వెనకకు తిరుగుతది. మామూలుగ మట్టిరాయికీ ఇసుకరాయికీ మధ్య ఈ అంకె 0.05, 0.1 ఉంటేనే గొప్ప. సీస్మిక్ బొమ్మల బొగ్గు అరుస్తది, దాన్ని పట్టుకునుడు కష్టం కాదు.

మోసం కూడా ఇక్కడనే ఉంది. ఆయిల్ కంపెనీలు 1970ల నుంచి ఒక ఉపాయం వాడుతున్నరు, ఇసుకరాయిల గ్యాస్ నిండితే ఆ రాయి మెత్తబడి ప్రతిధ్వని ఒక్కసారిగ గట్టిగైతది, దాన్ని బ్రైట్ స్పాట్ అంటరు, అది కనపడితే గ్యాస్ ఉండొచ్చని బోరు వేస్తరు. ఎవరో ఎక్కడో ఈ మాట విని బొగ్గుకు కూడా అంటగడుతరు, గీత గట్టిగ కనపడ్డది కాబట్టి గ్యాస్ ఉందని. కానీ బొగ్గు గ్యాస్ ఉన్నా లేకున్నా మెత్తగనే ఉంటది, తేలికనే ఉంటది, గట్టిగనే అరుస్తది. గోడకు అంటుకున్న గ్యాస్ రాయి స్వభావాన్ని విడిగ ఉన్న గ్యాస్ మార్చినట్టు మార్చదు. ఇంగువ గుడ్డ పిండి చూస్తే తడి తెలుస్తది గానీ వాసన తెలుస్తదా? మామ చేన్ల బొమ్మ మీద నల్లటి గీత ఎంత గట్టిగ వచ్చినా అది బొగ్గు ఉందని చెప్పిన మాటే, గ్యాస్ మాట కాదు.

ఇక మందం. మన వార్ధా లోయ బొగ్గు బరాకర్ అనే పొరల ఉంటది, 27 కోట్ల ఏండ్లకు పైబడినది, కింద తాల్చిర్ రాళ్లు, పైన కామ్ఠీ ఇసుకరాయి, ఇదే పట్టీ ప్రాణహిత దాటి మంచిర్యాల, కొత్తగూడెం దాకా దిగుతది, అంటే సింగరేణోళ్లు తవ్వేదీ మనోళ్లు తవ్వేదీ ఒక్క కడుపుల పుట్టినదే. మన దిక్కు ప్రధాన సీమ్ చానా చోట్ల పదిహేను ఇరవై మీటర్ల మందం ఉంటది, ఇది సీస్మిక్‌కు అదృష్టం, ఎందుకంటే సీస్మిక్‌కు చూపు అంత సన్నంగ ఉండదు. 50 హెర్ట్జ్ అల బొగ్గుల నడిస్తే ఒక అల పొడుగు 46 మీటర్లు, దాంట్ల నాలుగో వంతు కంటే సన్నటి పొర అయితే దాని పై అంచు ప్రతిధ్వని, కింది అంచు ప్రతిధ్వని ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయి, అంటే పదకొండు పన్నెండు మీటర్ల కంటే తక్కువైతే పొర ఉన్నట్టు తెలుస్తది గానీ ఎంత మందమో సీదా కొలవలేం. ఫ్రీక్వెన్సీ 100కు పెంచితే ఆరు మీటర్ల దాకా దిగొచ్చు. పొర సరిగ్గ నాలుగో వంతుకు వచ్చినప్పుడు రెండు ప్రతిధ్వనులు కలిసి ఇంకా గట్టిగైతయి, అప్పుడు గీత మెరుస్తది, దాన్ని చూసి కూడా కొందరు మోసపోతరు. సీమ్ ఒక్కటే కాకుండ రెండు మూడుగ చీలి ఉంటే మరీ తిప్పలు, పై సీమ్ సగం శబ్దాన్ని వెనకకు పంపేస్తది, మిగిలింది పొరల మధ్యల ఇటూ అటూ తిరిగి ఎదురెదురు అద్దాల మధ్య నిలబడ్డట్టు లేని పొరలను కూడా ఉన్నట్టు చూపిస్తది, కింది సీమ్ వీటి నీడల పడిపోతది.

ఫ్రీక్వెన్సీ పెంచుడు చెప్పినంత సులువు కాదు. మన నల్లరేగడి ఎండాకాలం చేయి పట్టేంత పగుళ్లు బారుతది, వదులు మట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీని మింగేస్తది, వానాకాలం అయితే బండి చేన్లకు దిగదు, పంట ఉంటే రైతు దిగనియ్యడు, అందుకే పంట తీసినంకనే వస్తరు. డబ్బాను పగుళ్ల పక్కన వదులు మట్టిల గుచ్చితే అది భూమి మాట వినదు, గాలి మాట వింటది, కిందికి తవ్వి గట్టి నేలల గుచ్చాలె. మొదటేడాది నన్ను పెట్టిన పని అదే, వంగి వంగి నడుము పోయేది, కానీ బొమ్మ బాగ వచ్చుడు రాకపోవుడు సగం ఆ కూలిపని మీదనే ఉంటది, కంప్యూటర్ మీద కాదు. ఆ పని చేసే పోరగాండ్లల్ల చానామందికి రోజుకూలే ఇస్తరు, నా లెక్కల అది తప్పు.

వణి దాటి యవత్మాల్ దిక్కు పోతే ఇంకో అడ్డం. అక్కడ పైన దక్కన్ లావా రాయి, దాదాపు 6.6 కోట్ల ఏండ్ల కింద పారి గడ్డకట్టిన నల్లరాయి, దాంట్ల శబ్దం సెకండుకు 5,000 మీటర్ల పైన ఉరుకుతది. పైన గట్టిరాయి, కింద మెత్తరాయి ఉంటే శబ్దం మొదలు లావా మీదనే తగిలి వెనకకొస్తది, లావా ఒక్క దిమ్మ కాదు, పొరలు పొరలుగ ఉంటది, ఒక్కొక్క పొర మీద చెదిరి చెదిరి కిందికి పోయేది కొంచెమే. దాని కింద బొగ్గు ఉందో లేదో తెల్వాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలె, తక్కువ ఫ్రీక్వెన్సీ వాడితే సన్న పొర కనపడదు. చివరికి బోరు వేసి చూసుడే దిక్కు అయితది.

బోరు మాట వచ్చింది కాబట్టి, సీస్మిక్ బొమ్మ టైముల ఉంటది, లోతుల ఉండదు. దాన్ని మీటర్లలకు మార్చనీకి ఒక్క బోరన్నా కావాలె. బోరుల పరికరం దింపితే బొగ్గు కాడ సాంద్రత పడిపోతది, గామా, అంటే రాయిల నుంచి సహజంగ వచ్చే రేడియేషన్ తగ్గుతది, రెసిస్టివిటీ, అంటే కరెంటును అడ్డుకునే గుణం పెరుగుతది, శబ్దం నెమ్మదిస్తది, ఈ నాలుగు కలిస్తే అది బొగ్గే. ఆ లెక్కలతోటి ఈడ ప్రతిధ్వని ఎట్ల రావాలెనో తయారుచేసి, వచ్చిన దాని పక్కన పెట్టి సరిచూస్తరు. బొగ్గు, ఖనిజాలు వెతికే సర్కారు సంస్థలు సీఎంపీడీఐ, ఎంఈసీఎల్ వాళ్లు మన జిల్లాలల్ల ఎన్నో ఏండ్ల నుంచి బోర్లు వేస్తనే ఉన్నరు, అవన్నీ సీస్మిక్‌కు కాళ్ల కింద నేల లెక్క.

ఇక గ్యాస్ ఎంతుందో ఎట్ల తెలుస్తది? బోరుల నుంచి బొగ్గు కోర్, అంటే గుండ్రటి కడ్డీ లెక్క కోసిన ముక్క పైకి తియ్యంగనే నిమిషం ఆలస్యం చెయ్యకుండ గాలి సొరకుండ మూసే డబ్బాల పెడుతరు. భూమి లోపల బొగ్గు ఎంత వేడిల ఉండెనో అంత వేడిలనే డబ్బాను ఉంచి, రోజుల తరబడి, వారాల తరబడి ఎంత గ్యాస్ వదులుతదో కొలుస్తరు. పైకి తెచ్చేలోపల పోయిన గ్యాస్ అంచనా కడుతరు, డబ్బాల వచ్చింది కొలుస్తరు, చివరికి బొగ్గును పొడి చేసి మిగిలింది కూడా తీస్తరు, మూడూ కలిపితే టన్నుకు ఎన్ని ఘనపు మీటర్లో తెలుస్తది. నా కంటికి మొత్తం సీబీఎం పనిల అన్నిటికంటే నిజమైన కొలత ఇదే. నేను ఒక క్యాంపుల రాత్రి డ్యూటీ మీద ఈ డబ్బాల పక్కన కూసున్న, కొలిచే గొట్టంల బుడగ ఒక్కొక్కటి పైకి లేస్తుంటే టైము రాసుకునుడే పని, కోట్ల ఏండ్ల నుంచి అంటుకొని ఉన్న గ్యాస్ గోడను వదిలి వస్తున్నదన్నమాట, అప్పుడు బాపు దీపం గుర్తొచ్చింది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం, మామకు కాగితం మీద ఇదే చేసి చూపించిన. ఒక చదరపు కిలోమీటర్ భూమి, కింద 10 మీటర్ల బొగ్గు, సాంద్రత 1.4, అంటే 1 కోటి 40 లక్షల టన్నుల బొగ్గు. ఇదంతా సీస్మిక్, బోర్లు కలిసి చెప్పగలుగుతయి. టన్నుకు 5 ఘనపు మీటర్లు ఉంటే 7 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్. టన్నుకు ఒక్కటే ఉంటే 1 కోటి 40 లక్షలు. ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు, కానీ చూడండ్రి, రెండిటికీ సీస్మిక్ బొమ్మ అదే, గీత అదే, మెరుపు అదే, గ్యాస్ మాత్రం ఐదింతల తేడా. మామ కాగితం చేతిల పట్టుకొని చానాసేపు చూసి, "అంటే వాళ్లకు కూడా ఇంక తెల్వదన్నట్టు" అన్నడు. అవును, ఇంక తెల్వదు.

అట్లని సీస్మిక్ పనికిరానిదంటే అది కూడా అబద్ధం. బోరు చెప్పేది ఆ ఒక్క చోటు సంగతి, అరచేతి అంత వెడల్పు, పక్క కిలోమీటర్ల సంగతి చెప్పేది సీస్మిక్కే. అది మూడు రకాలుగ గ్యాస్‌కు దగ్గరికి తీసుకపోతది.

మొదటిది బూడిద. మన బొగ్గుల బూడిద ఎక్కువ, 30 నుంచి 45 శాతం మామూలే. మిథేన్ అంటుకునేది బొగ్గు పదార్థానికి, మట్టికి కాదు. బూడిద పెరిగితే బొగ్గు బరువెక్కుతది, బరువెక్కితే ఇంపీడెన్స్ పెరుగుతది. కాబట్టి ప్రతిధ్వని నుంచి వెనకకు లెక్కగట్టి ఇంపీడెన్స్ తీస్తే, దీన్ని ఇన్వర్షన్ అంటరు, ఎక్కడ బొగ్గు శుభ్రంగ ఉందో, ఎక్కడ మట్టి కలిసిందో అంచనా దొరుకుతది. బోరుల కొలిచిన గ్యాస్‌ను ఈ మ్యాపు మీద పరుచుకుంట పోవచ్చు.

రెండోది ఫాల్టులు, అంటే పొర తెగి పైకో కిందికో జరిగిన చోట్లు. వార్ధా లోయల ఇవి ఎన్నో, గనిల పనిచేసినోళ్లందరికీ తెలుసు, నిన్నటిదాకా సీదాగ ఉన్న సీమ్ ఇయ్యాల ఎదురుంగ రాయి గోడ అయి కూసుంటది. సీస్మిక్‌ల ఇది గీత తెగినట్టు సాఫ్‌గ కనపడుతది. ఫాల్టు గ్యాస్‌ను పైకి వదిలేసి ఉండొచ్చు, లేకుంటే పక్కనుంచి నీళ్లు తెచ్చి పోస్తుండొచ్చు, అట్ల అయితే ఎన్నేండ్లు తోడినా ఒత్తిడి దిగదు.

మూడోదే అసలు కష్టమైనది, పగుళ్లు. గ్యాస్ ఎంతున్నా నడిచే దారి లేకుంటే బోరుకు రాదు. కట్టె పగలగొట్టేటప్పుడు పోగు వెంబడి గొడ్డలి వేస్తే సులువుగ చీలుతది, అడ్డం వేస్తే చీలదు గదా, బొగ్గుల శబ్దం కూడా అట్లనే, పగుళ్ల వెంబడి తొందరగ నడుస్తది, పగుళ్లకు అడ్డం పోతే నెమ్మదిస్తది. ఒక్క చోటును అన్ని దిక్కుల నుంచి విని, ఏ దిక్కు నుంచి వేగం ఎక్కువుందో, ఏ దిక్కు నుంచి ప్రతిధ్వని మారుతున్నదో చూస్తే పగుళ్లు ఏ దిక్కు ఉన్నయో, ఎంత దట్టంగ ఉన్నయో అంచనా కట్టొచ్చు. పక్కకు ఊగే అలలు, వాటిని ఎస్ వేవ్ అంటరు, పగుళ్ల రాయిల దిగితే రెండుగ చీలుతయి, ఒకటి ముందు వస్తది, ఒకటి వెనక వస్తది, ఆ రెండిటి మధ్య సందు కూడా పగుళ్ల కొలతే. దీనికి మూడు దిక్కులూ వినే జియోఫోన్లు కావాలె, చేను అంతా గళ్లు గళ్లుగ పరిచే త్రీడీ సర్వే కావాలె. మామ చేన్ల పరిచింది ఒక్క లైను, టూడీ. ఒక్క లైనుతోటి పగుళ్ల దిక్కు తెల్వదు, గీతకు ఆ పక్క ఈ పక్క పొర ఎట్ల పోయిందో కూడా తెల్వదు. అట్లాంటప్పుడు "ఫలానా సర్వే నంబర్ల పడ్డది" అనే మాట ఎవరు పుట్టించినా, ఎందుకు పుట్టించినా, దానికి ఆ కేబుల్‌తోటి సంబంధం లేదు. భూములు కొనేటోళ్ల నోట్లె ఆ మాట ముందు వినపడ్డదని మామ చెప్పిండు, నేను అంతకు మించి చెప్ప.

మరి మన దిక్కు అవకాశం ఎంత? దేశంల సీబీఎం పాలసీ 1997ల వచ్చింది, బ్లాకులకు, అంటే గ్యాస్ వెతకనీకి ఇచ్చే జాగలకు మొదటి రౌండు వేలం 2001ల పెట్టిన్రు, బెంగాల్ రాణిగంజ్‌ల 2007ల అమ్మకం మొదలైంది, మధ్యప్రదేశ్ సోహాగ్‌పూర్‌ల రిలయన్స్ 2017ల మొదలుపెట్టింది. మన వార్ధా బ్లాకు రెండో రౌండుల ఓఎన్‌జీసీకి వచ్చింది, తర్వాత వదులుకున్నరు. మూడో రౌండుల గోదావరి లోయ దిక్కు కూడా బ్లాకులు పెట్టిన్రు. బొగ్గు ఎంత లోతుల, ఎంత వేడిల, ఎన్నేండ్లు ఉడికితే అంత గ్యాస్ పుడుతది, అంత పట్టుకుంటది. ఝరియా బొగ్గు బాగ ఉడికింది, కోకింగ్ బొగ్గు. మనది అంత ఉడకలేదు, కరెంటు కేంద్రాల పొయ్యిలకు పోయే బొగ్గు. లోతు తక్కువున్న కాడ గ్యాస్ ఎప్పుడో పైకి పోయింది, కిలోమీటర్ దాటి లోతుకు పోతే పైన బరువుకు పగుళ్లు మూసుకపోతయి, మధ్యల ఉన్న సందే పనికొచ్చేది. బాపు దిగిన బాయిలన్నీ మొదటి డిగ్రీ అని చెప్పిన గదా, ఆ దీపం చెప్పిన మాట ఇదే. లోతుల ఉన్న సీమ్‌లు వేరే ఉండొచ్చు, అందుకే మళ్ల మళ్ల వెతుకుతరు, వెతుకుడు తప్పు కాదు.

మామ చివరికి గ్యాస్ సంగతి వదిలేసి నీళ్ల సంగతి అడిగిండు, నాకు అదే అసలు ప్రశ్న అనిపించింది. భూమి మనది అయినా కింద గ్యాస్ మీద హక్కు సర్కారుదే, బొగ్గుకు ఒక మంత్రిత్వ శాఖ, అదే బొగ్గుకు అంటుకున్న గ్యాస్‌కు పెట్రోలియం శాఖ. బాయిల నీళ్లు మాత్రం మనం రోజూ తాగేవి. సీబీఎం అంటే ముందు నీళ్లు తోడుడు అని చెప్పిన గదా, ఆ నీళ్లు బొగ్గుపొరవి, మామ బాయికి నీళ్లిచ్చేది పైనున్న కామ్ఠీ ఇసుకరాయి, రెండిటి మధ్య నీళ్లు దిగని మట్టిరాయి గట్టిగ ఉంటే ఒకటి తోడితే ఇంకొకటి దిగదు. మధ్యల ఫాల్టు ఉంటే దిగొచ్చు. ఆ ఫాల్టు ఉందో లేదో అదే సీస్మిక్ లైను చెప్తది, గ్యాస్ కోసం చేసిన సర్వేల రైతుకు పనికొచ్చే ముక్క అదొక్కటే, ఆ ముక్క గ్రామసభల ఎవ్వరూ చూపించరు. చూపించుమని అడగాలె, అడిగే హక్కు మనకు ఉంది. ఓపెన్‌కాస్ట్ పక్క ఊర్లల్ల బాయిలు ఎండినప్పుడు "ముందు ఎంతుండె చెప్పు" అంటే ఎవరి కాడా రాసి లేకుండె, ఆ మాట కాడనే అందరూ ఓడిపోయిన్రు.

పోయిన ఆదివారం రాజురా పోయిన. మామ నులక తాడుకు గజానికొక ముడి వేసి, కొసకు ఇనుప ముక్క కట్టి ఉంచిండు. ఇద్దరం బాయి మీద వంగి తాడు వదిలినం, నీళ్లకు తగిలిన చప్పుడు వినపడ్డంక ముడులు లెక్కబెట్టినం, పదకొండు ముడులు, మీద రెండు జానలు. అత్తమ్మ క్యాలెండర్ల ఆ తారీఖు గడిల రాసింది. పక్క చేను ఆయన గట్టు మీద నిలబడి చూసి, ఆ తాడు సాయంత్రం మాకు ఇయ్యిమన్నడు.